గోధుమరంగు నెత్తురు

ఎనభై ఐదు. రెండు గంటలుగా ఆ తెర మీద అదే అంకె. ఆక్సిజన్ పెట్టకముందు ఎనభై ఐదు, పెట్టాక ఎనభై ఐదు, మాస్కు మార్చి ధార పెంచాక కూడా ఎనభై ఐదే. పెరగదు, తగ్గదు, గోడకు కొట్టిన మేకులా అక్కడే ఉంది. త్రివేణి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, అంకెను చూడటం మానేసి అన్న చూపుడువేలిని చూస్తోంది. వేలికి పట్టించిన తెల్లటి క్లిప్పులో ఎర్రటి దీపం వెలుగుతోంది. వేళ్ల సందుల్లో ఇంకా మట్టి ఉంది. గోళ్లు మాత్రం సీసం రంగుకు తిరిగాయి. నలభై ఆరేళ్ల గంగాదాస్, నందిపేట్ దగ్గర మూడెకరాల పసుపు చేను, దాని పక్కనే అరెకరం బంతితోట ఉన్నవాడు, బతుకమ్మ నాటికి పూలు కోతకు రావాలని పొద్దున ఏడింటికి పంపు వీపుకు తగిలించుకుని బంతికి పూతమందు కొట్టినవాడు, ఇప్పుడు ఆర్మూర్‌లో ఈ దవాఖాన మొదటి అంతస్తులో కళ్లు మూసుకుని, తీసిన ఊపిరి చాలక వెంటనే మరో ఊపిరి తీస్తూ పడుకున్నాడు. సరిగ్గా మూడింటికి ఇంజెక్షన్ ఇచ్చారు. సిరా లాంటి నీలం రంగు ఇంజెక్షన్. "గంట చూద్దాం మేడం, గంటల తెలుస్తది," అని చెప్పి డాక్టర్ అస్రా పక్క గదిలోని రోగి దగ్గరికి వెళ్లింది. గోడ గడియారంలో మూడు దాటి నాలుగు నిమిషాలు.

ఆ క్లిప్పులో రెండు దీపాలుంటాయని త్రివేణికి తెలుసు. ఒకటి కంటికి కనిపించే ఎర్రది, రెండోది కంటికి అందనిది. రెండూ వేలిలోంచి దూరి అవతలికి వచ్చేసరికి ఏ వెలుగును నెత్తురు ఎంత మింగిందో లెక్కగట్టి యంత్రం అంకె చెబుతుంది. పదహారేళ్లుగా జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్న మనిషికి ఇది తెలియని సంగతి కాదు, నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసిందో. వస్తువు మింగిన వెలుగు మనకు కనిపించదు, మింగగా మిగిలినదే మనం దాని రంగు అనుకుంటాం. రాగి అయాన్ చుట్టూ నీటి అణువులు చేరితే దాని ఎలక్ట్రాన్లు ఉండే మెట్లు రెండుగా చీలిపోతాయి, కింది మెట్టు నుంచి పై మెట్టుకు ఎక్కడానికి ఎంత శక్తి కావాలో సరిగ్గా అంత శక్తి ఉన్న వెలుగునే అది తీసుకుంటుంది, ఎరుపును మింగి నీలాన్ని వదిలేస్తుంది. నీళ్ల బదులు అమోనియా వచ్చి చేరితే మెట్ల మధ్య ఎత్తు పెరుగుతుంది, నీలం ముదురుతుంది. నెత్తురులోనూ ఉన్నది ఒక లోహమే, ఇనుము. ఆ ఇనుము ఒక్క ఎలక్ట్రాన్ పోగొట్టుకుందంటే ఆక్సిజన్‌ను పట్టుకోలేదు, దాని రంగూ మారిపోతుంది, ఎర్రటి నెత్తురు గోధుమరంగుకు తిరుగుతుంది. అట్లాంటి నెత్తురు క్లిప్పులోని రెండు వెలుగుల్నీ ఇంచుమించు సమానంగా మింగుతుంది. సమానంగా మింగితే యంత్రం ఎనభై ఐదు దగ్గర ఆగిపోతుంది. అంటే ఇన్నాళ్లూ పిల్లలకు చెప్పిన పాఠం ఇప్పుడు అన్న ఒంట్లో జరుగుతోంది, ఆమె స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు వదిన ఫోన్ చేసినప్పుడు ఆమె స్టాఫ్‌రూంలో అన్నం డబ్బా విప్పుతోంది. "త్రివేణీ, మీ అన్న తీరు మంచిగ లేదు, ఆటోల తీస్కొస్తున్న, నువ్వు జల్ది రా," అన్నది నీలవ్వ, వెనక ఆటో మోత. వచ్చి చూసేసరికి దవాఖాన గేటు దగ్గర నలుగురు మూగి ఉన్నారు, ఎవరో మెల్లగా అన్నారు, పురుగులమందు తాగిండట. ఆ మాట విని త్రివేణి వదినను పక్కకు లాగి, "వదినా, నిజం చెప్పు, ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా?" అని అడిగింది. నీలవ్వ ఆమె మొహంలోకి అట్లాగే చూసింది. "లొల్లేంది? పంపు కారుతుండె. వీపంత తడిసింది. బట్టలు మార్చుకో అంటే ఇంకో నాలుగు సాళ్లే గద అన్నడు. పదకొండు కొట్టంగ ఇంటికొస్తే పెదవులు నేరేడు పండ్లు తిన్నట్టున్నయి. నాకేం గాలే అని మంచంల ఒరిగిండు." ఆ చూపు ఇంకా పోలేదు. అడగకుండా ఉండాల్సింది. కడుపులో భయం ఉన్నప్పుడు నోరు ముందు పరుగెత్తుతుంది. నీలవ్వ ఇప్పుడు గోడవైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. రెండు గంటలైంది, ఆమె త్రివేణితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

అన్న విడిచిన చొక్కాను నర్సు పూజిత ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టబోతుంటే వాసన తగిలింది. బాదంపప్పు నూరినట్టు, బూటు పాలిష్ డబ్బా తెరిచినట్టు. డిచ్‌పల్లిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఆ వాసన వస్తే కిటికీలు తెరిచేవాళ్లు. నైట్రోబెంజీన్, పూతమందుల్లో కలిపేది. ఒంటి తోలు గుండానే లోపలికి దిగి నెత్తురును మారుస్తుందని అప్పుడు చెప్పిన మాట ఇరవయ్యేళ్ల కింద ఎక్కడో పడిపోయి, ఆ ఒక్క వాసనతో లేచి వచ్చింది. అస్రా కూడా అప్పటికే సిరంజిలో తీసిన నెత్తురును చూసి ఆగిపోయి ఉంది. ఫిల్టర్ పేపర్ మీద అన్న నెత్తురు ఒక చుక్క వేసి, "మేడం, మీ వేలియ్యిండ్రి," అని త్రివేణి వేలు గుచ్చి పక్కన ఇంకో చుక్క వేసింది. ఒకే తల్లి పిల్లల నెత్తురు. ఆమె చుక్క ఎర్రగా ఉంది. అన్న చుక్క గాలి తగిలినా, గడియ గడిచినా, చాయ్ మరకలా గోధుమరంగులోనే ఉండిపోయింది. అన్నను సబ్బుతో తలనుంచి కాళ్లదాకా కడిగారు. విరుగుడు మిథిలీన్ బ్లూ అని ఇద్దరికీ తెలుసు, దవాఖానలో మాత్రం లేదు. "మా ల్యాబ్‌ల ఉన్నది, ఐదు నిమిషాలల్ల తెస్త," అని త్రివేణి లేవబోతే అస్రా చెయ్యి పట్టుకుంది. "అది స్లైడ్ల మీద ఏసేది మేడం, మనిషి నరంల ఎక్కియ్యొద్దు." నిజామాబాద్ నుంచి మందులషాపు మనిషి బైకు మీద తెచ్చేసరికి మూడయింది. ఇచ్చేముందు అస్రా ఇంకో మాట కూడా చెప్పింది. ఒక ఎంజైము లేనివాళ్లకు ఈ మందు పడదు, నెత్తురు కణాలే పగిలిపోతాయి, ఆ పరీక్ష ఫలితం రేపటికి గాని రాదు, రేపటిదాకా ఆగలేం. "మీ ఇంట్ల ఎవరికన్న మలేరియా గోలీలు ఏసుకున్నంక కామెర్లయినయా?" లేదని చెప్పింది త్రివేణి. వెంటనే చెప్పింది. ఇప్పుడు చిన్నమ్మలనూ మేనమామలనూ ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంటోంది. అమ్మ తమ్ముడొకడు చిన్నప్పుడే పోయాడు, ఎట్లా పోయాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

టింగ్ టింగ్ అని యంత్రం మోగింది. ఎనభై ఐదు కదిలింది. ఎనభై. డెబ్బై ఆరు. డెబ్బై ఒకటి. నీలవ్వ గోడ విడిచి మంచం మీదికి వంగి, "ఏమైతుంది, ఏమైతుంది త్రివేణీ, దిగిపోతుంది గద," అంటూ భర్త కాలు పట్టుకుంది. అస్రా పరుగున వచ్చి ముందు తెరను కాదు, గంగాదాస్ పెదవులను చూసింది, తర్వాత కనురెప్ప కిందికి లాగి చూసింది. "ఫికర్ చెయ్యకు అమ్మా. మందు నీలం గద, అదే ఎర్ర లైటును తాగుతుంది. మిషన్ పరేషాన్ అయింది, మనిషి గాదు." త్రివేణికి అది తెలుసు. పుస్తకంలో పేజీతో సహా తెలుసు. అయినా డెబ్బై ఒకటి అన్న అంకె కళ్ల ముందు ఉన్నప్పుడు తెలిసినదంతా ఎటు పోయిందో తెలియలేదు. వదిన భుజం మీద చెయ్యి వేసింది. నీలవ్వ ఆ చెయ్యిని తోసెయ్యలేదు.

అంకెను నమ్మే వీలు లేదు. ఇక నమ్మాల్సింది రంగునే. పెదవులు నల్లగానే ఉన్నాయా, కాస్త తేటపడ్డాయా, లేక కిటికీ అద్దంలోంచి పడుతున్న ఎండ మారిందా. ఇంత సేపు అన్న మొహాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. పద్నాలుగేళ్ల గంగాదాస్ మొహం ఇంతకంటే బాగా గుర్తుంది, పొయ్యి మంట వెలుగులో. బాపు చేనుకోసం తెచ్చిన మైలుతుత్తం సంచిలోంచి గుప్పెడు దొంగిలించి, అమ్మ జొన్నరొట్టెలు చేసే పెనం మీద వేసి, "చూడు, రంగు పోతది," అన్నాడు. ఆమెకు ఎనిమిదేళ్లు. నెమలి మెడలాంటి నీలం గడ్డలు వేడికి చిటపటమని, మెల్లగా పిండిలా తెల్లబడ్డాయి. "ఇప్పుడు చూడు, మళ్ల వస్తది," అని వేలితో ఒక్క నీటిచుక్క వేశాడు. చుక్క పడ్డచోట నీలం లేచింది. ఆమె కేక పెట్టింది, ఆ కేకకు అమ్మ వచ్చింది, విషం పెనం మీద వేశాడని వీపు మోగించి, పెనాన్ని తీసుకెళ్లి ఊరవతల పారేసింది. కొత్త పెనం వచ్చేదాకా రెండు రోజులు ఇంట్లో రొట్టెల్లేవు. దెబ్బలు తిన్నవాడు నవ్వుతూనే ఉన్నాడు. "నీళ్లు పోతే రంగు పోయింది, నీళ్లొస్తే రంగొచ్చింది, ఎందుకట్ల?" అని ఆ రాత్రంతా ఆమె చెవిలో అడుగుతూనే ఉన్నాడు. ఆమె ఆ ప్రశ్న వెంటబడి పోయింది, ఇంటర్, డిగ్రీ, డిచ్‌పల్లి, ఉద్యోగం. ప్రశ్న అడిగినవాడు ఇంటర్ రెండో ఏడాది మధ్యలోనే పుస్తకాలు అటక మీద పెట్టేశాడు.

ఎందుకు పెట్టేశాడో ఇంట్లో అందరికీ తెలుసనే అనుకున్నారు. చదువు ఒంటబట్టలేదు. ల్యాబ్‌లో పర్మాంగనేట్ ప్రయోగం ఉండేది. బ్యూరెట్ అనే పొడవాటి గాజుగొట్టంలో ఊదారంగు ద్రావణం, కింద గాజుకుప్పెలో రంగులేనిది, ఒక్కొక్క చుక్కే వదలాలి, పడ్డ చుక్కల్లా రంగు పోగొట్టుకుంటుంది, ఏదో ఒక చుక్క దగ్గర రంగు పోకుండా లేత గులాబీ నిలుస్తుంది. అక్కడ ఆపాలి. అదే లెక్క. గంగాదాస్ ఎప్పుడూ ఆపలేదు. సాయంత్రం సైకిల్ దిగుతూనే, "ఇయ్యాల గూడ బ్యూరెట్ ఖాళీ," అని చెప్పి తనే నవ్వేవాడు. కళ్లు నెత్తికెక్కినయా అని సార్ అందరి ముందూ అన్నాడని కూడా నవ్వుతూనే చెప్పాడు. తనే నవ్వాడు గనక అది నవ్వే సంగతే అని ఆమె నమ్మింది. తర్వాత ఆమె లెక్చరరై, ఏటా అదే ప్రయోగం రోజున, పిల్లలు తొందరపడకుండా ఉండాలని, "మా అన్న బ్యూరెట్ మొత్తం కుమ్మరిచ్చేటోడు, మీరు గట్ల చెయ్యకుండ్రి," అని చెప్పేది. తరగతి గొల్లున నవ్వేది. ఏటా ఒక బ్యాచ్. ఏటా ఒకసారి.

పోయిన ఏడాది వర్షాకాలంలో అన్న మొక్కజొన్న కంకులు సంచినిండా తెచ్చి స్టాఫ్‌రూంలో దించాడు. ఫిజిక్స్ చెప్పే ఇబ్రహీం సార్ ఆ రోజు రంగుల తేడా కంటికి తెలుస్తుందో లేదో పరీక్షించే చుక్కల పుస్తకం ఒకటి తెచ్చి అందరికీ చూపిస్తున్నాడు. పేజీ నిండా చుక్కలు, మధ్యలో వేరే రంగు చుక్కలతో ఒక అంకె. "అన్నా, మీరు గూడ చూడుండ్రి," అని గంగాదాస్ చేతికిచ్చాడు. గంగాదాస్ పుస్తకాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "ఇందుల అంకె యాడున్నది సారూ? అన్ని చుక్కలే," అన్నాడు. ఇంకో పేజీ తిప్పాడు. అందులోనూ చుక్కలే. అందరూ చూస్తున్నారని అర్థమై, "అద్దాలు ఇంట్ల మర్చిపోయిన," అని పుస్తకం తిరిగి ఇచ్చేశాడు. అతనికి కళ్లద్దాలు లేవు. ఎప్పుడూ లేవు. త్రివేణి చేతిలోని కంకి తొక్క సగం ఒలిచినట్టే ఉండిపోయింది. మిరపచేనులో పండుకాయలు ఏరమంటే ఎప్పుడూ వదిననే పంపడం, దండెం మీది చీరల్లో ఎర్రచీర తెమ్మంటే రెండు తెచ్చి ఇదా అదా అనడం, ఆ సాయంత్రం బస్సులో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నీలం బాగా కనిపిస్తుంది అతనికి, పసుపు కూడా. ఆ లేత గులాబీ మాత్రం కనిపించి ఉండదు. ఆ తర్వాత వచ్చిన ప్రయోగం రోజున ఆమె బ్యూరెట్ కథ చెప్పలేదు. అన్నకు మాత్రం ఏమీ అనలేదు. రాఖీకి వెళ్లింది, చేతికి దారం కట్టింది, తిని వచ్చింది.

మూడూ ఇరవై ఐదు. అస్రా మళ్లీ వచ్చి నాడి చూసింది. ఈసారి ఆమె మొహంలో కొంచెం తేలిక. పన్నెండేళ్ల కింద తన తరగతిలో మూడో బెంచీలో కూర్చున్న పిల్ల, ఇప్పుడు మెడలో స్టెతస్కోపు. చార్టు మీద పేరు చదివి, త్రివేణి వైపు చూసి, ఆమె బెంగ తీర్చాలని కాబోలు, చిన్నగా నవ్వి అడిగింది. "మేడం, బ్యూరెట్ అన్న ఈయనేనా?"

త్రివేణి తల ఊపిందో లేదో ఆమెకే తెలియదు. అస్రా వెళ్లిపోయింది. అన్న కళ్లు మూసుకునే ఉన్నాయి. విన్నాడా. మత్తులో ఉన్నాడా. పన్నెండేళ్లు దాటినా ఆ పిల్లకు పాఠం ఎంత గుర్తుందో గాని ఆ నవ్వు గుర్తుంది. ఇట్లా ఎంతమంది గుర్తు పెట్టుకున్నారో, ఎక్కడెక్కడ ఉన్నారో, పెర్కిట్ చౌరస్తాలో బండి ఆపి ఎవరైనా అన్నను ఈ మాటే అడిగి ఉంటే. లేచాక చెప్పేద్దామా. లేవకపోతే. లేవకపోతే అన్న మాట దగ్గర మనసు ఆగిపోయి, ముందుకు పోనని మొరాయించింది. ఆమె అన్న పెదవుల వైపే చూస్తూ కూర్చుంది. కింది పెదవి లోపలి అంచు. అక్కడ నేరేడు రంగు పలచబడిందా. కిటికీ ఎండ కాదు, ఎండ ఇంకా అదే గోడ మీద ఉంది. "వదినా, జర చూడు," అన్నది. నీలవ్వ వంగి చూసింది, చాలాసేపు చూసింది. "ఎర్రగైతుంది," అన్నది. ఆ మాట ఇంకోసారి అన్నది, భర్తకు వినిపించేలా. తర్వాత ఆమె త్రివేణి ఒళ్లో తల పెట్టి ఏడ్చింది, శబ్దం లేకుండా. "అందరన్నరని నువ్వు గూడ అడిగితివి," అన్నది ఏడుపు మధ్యలో. "తప్పయింది వదినా," అన్నది త్రివేణి.

నాలుగింటికి తెర మీద అంకె తొంభై నాలుగు. మళ్లీ తీసిన నెత్తురు సిరంజిలో ఎర్రగా కనిపించింది, ఏ కాగితం మీదా వేయాల్సిన పని లేకుండానే. ఇంకో రెండు రోజులు ఉంచుకుంటామని, నెత్తురు కణాలు నిలుస్తున్నాయో లేదో పొద్దున చూస్తామని అస్రా చెప్పింది. పూజిత సెలైన్ మారుస్తూ, "అన్నా, ఒంటికి పోతె మూత్రం పచ్చగ వస్తది, భయపడకుండ్రి, మందు రంగు అది," అని చెప్పింది. అరగంట తర్వాత పరదా వెనక నుంచి గంగాదాస్ గొంతు వచ్చింది, నీరసంగా.

"త్రివేణీ."

వెళ్లి చూస్తే ప్లాస్టిక్ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. అందులో వరిమడి రంగు.

"పచ్చగ వస్తదన్నది నర్సమ్మ. పసుపు పచ్చనా, ఆకు పచ్చనా? నాకు తెలుస్తలేదు. నువ్వు చెప్పు."

ఇన్నేళ్లలో అతను ఆ మాట అనడం ఆమె వినలేదు. "ఆకు పచ్చ అన్నా," అన్నది. సీసా తీసి కింద పెట్టింది. అతను దిండుకు ఆనుకున్నాడు.

"గా డాక్టరమ్మ బ్యూరెట్ అన్న అన్నది నన్నేనా?"

విన్నాడు. త్రివేణి స్టూలు మీద కూర్చుంది. దాచిపెట్టి లాభం లేదు. ఏటా ఏం చెప్పిందో, ఎట్లా నవ్వించిందో, పోయిన ఏడాది చుక్కల పుస్తకం చూశాక ఎందుకు మానేసిందో, తలవంచుకుని అంతా చెప్పింది. అతను పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"నవ్వినంక వాళ్లు మంచిగ చేసిన్రా? ఆగే చుక్క కాడ ఆగిన్రా?"

"ఆగిన్రు."

"అయితే మంచిదే." అతను దిండు సర్దుకున్నాడు. "సార్ గిదో గులాబి అంటడు. నాకైతే నీళ్లే. నీళ్లను చూసుకుంట ఇంకింత పోస్తుంటి. రంగు తెలిసేటాల్లకు దాటిపోతుండె."

"ఎన్నడన్న చెప్పకపోతివి అన్నా."

"ఏమని చెప్పాలె? నాకేం కనబడ్తలేదో నాకెట్ల తెలుస్తది?"

నీలవ్వ గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చింది, అతను రెండు గుక్కలు తాగాడు. త్రివేణి చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పింది. "రంగుతోని పని లేకుండ గూడ చెయ్యొచ్చు అన్నా. మీటర్ ఉంటది. ఆగే చుక్క కాడ అంకె ఒక్కసారి ఎగురుతది. అంకె చూసి ఆపొచ్చు."

గంగాదాస్ తల తిప్పి ఆమెను చూశాడు. "నా అప్పుడు లేకుండెనా అది?"

లేదని అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఉండె. మన కాలేజ్‌ల లేకుండె."

"ఇప్పుడు?"

"మూడేండ్ల కింద వచ్చింది. సిలబస్‌ల లేదని బీరువల పెట్టి తాళమేసిన్రు."

"తాళంచెయ్యి ఎవరి కాడ?"

"నా కాడనే."

అతను కళ్లు మూసుకున్నాడు. నిద్రలోకి జారుకున్నాడేమో అనుకుని ఆమె దుప్పటి సర్దబోయింది.

"మరి తియ్యి," అన్నాడు.